విమానం ఆపింది వాళ్ళు, మీరు కాదు

ప్రశ్న: నమస్తే అక్కా. మాది మహబూబ్‌నగర్. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా ఆయన పోలేపల్లిలో ఒక కంపెనీలో సూపర్‌వైజర్. అమ్మానాన్నలను ఒక్కసారి కాశీకి తీసుకెళ్ళాలని నాకు ఎన్నో ఏళ్ళ కోరిక. నాన్న ఎప్పుడూ విమానం ఎక్కలేదు. చిట్టీ ఎత్తిన పైసలతో, కార్తీక పౌర్ణమికి అక్కడ ఉండేటట్టు శంషాబాద్ నుంచి వారణాసికి రానూ పోనూ నాలుగు టికెట్లు తీసుకున్నాం. అమ్మ, నాన్న, నేను, తమ్ముడు. తెలిసిన ట్రావెల్ ఏజెంటు దగ్గరే కొన్నాం. ఫోన్‌లో 41,200 రూపాయలు పంపాం.

ప్రయాణం ఇంకా 12 రోజులు ఉందనగా విమాన కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. మీ విమానం రద్దయింది, రెండు రోజుల తర్వాతి విమానానికి మార్చాం అని. అప్పుడు వెళ్తే పౌర్ణమి స్నానం దాటిపోతుంది, తమ్ముడికి సెలవూ లేదు. ఏజెంటుకు చెప్తే "టెన్షన్ పడకండి, నేను క్యాన్సిల్ చేస్తా" అన్నాడు. పది రోజులకు ఫోన్ చేసి, మనిషికి 2,900 చార్జీలు పోయాయి, మిగిలిన 29,600కి వోచర్ వచ్చింది, పైసలు రావు, కంపెనీ రూలే అంత అన్నాడు. ఆ వోచర్ మే నెలాఖరు దాకానే. ఆ నలుగురి పేర్ల మీదే వాడాలట.

సంక్రాంతి దాటాక నాన్నకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఏజెంటును మళ్ళీ అడిగితే కంపెనీని అడగమంటాడు. కంపెనీకి ఫోన్ చేస్తే ఏజెంటు దగ్గర కొన్నారు కాబట్టి ఏజెంటునే అడగమంటారు. మా ఆయనేమో "ఆ అబ్బాయి మా చుట్టాలబ్బాయి, గొడవెందుకు, పోతే పోనీ" అంటున్నారు. నాన్న మంచంలో పడుకుని "నా వల్లనే మీ పైసలు పోయినయి బిడ్డా" అంటున్నాడు. నేను పైసలు అడగడం తప్పా అక్కా? వోచర్ పాడు కాకుండా అమ్మను, తమ్ముణ్ణి అయినా పంపించాలా?

— ఒక చెల్లెలు, మహబూబ్‌నగర్

సమాధానం: చెల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ నాన్నగారి మాట దగ్గర ఆగిపోయాను. రెండోసారి ఒక అంకె దగ్గర ఆగాను. మనిషికి 2,900 చార్జీలు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

క్యాన్సిలేషన్ చార్జీ ఎవరికి పడుతుంది? టికెట్టు కొన్నాక తామే వద్దనుకుని మానుకున్నవాళ్ళకు. మీరు మానుకోలేదు. విమానాన్ని రద్దు చేసింది కంపెనీ, ఆ సంగతి మీకు మెసేజ్ పెట్టింది కూడా కంపెనీయే. మరి మీ దగ్గర చార్జీ ఎందుకు పట్టుకున్నారు? నాకు తోచేది ఒకటే. కంపెనీ రద్దు చేసిన విమానం కాబట్టి పూర్తి డబ్బు వాపసు ఇమ్మని అడగాల్సిన ఏజెంటు, మామూలుగా క్యాన్సిల్ కొట్టేసి ఉంటాడు. అలా కొడితే కంపెనీ లెక్కల్లో అది మీరే వద్దనుకున్న టికెట్టుగా పడుతుంది. కావాలని చేశాడని నేను అనను. పది మంది కస్టమర్లు ఎదురుగా కూర్చున్నప్పుడు హడావిడిలో ఎవరైనా అలాగే కొట్టేయవచ్చు. కానీ ఆ ఒక్క నొక్కుతో మీ 41,200 కాస్తా 29,600 అయింది. ఆ 29,600 కూడా చేతికి రాకుండా వోచర్‌గా మిగిలింది.

కాబట్టి ఇక మీదట ఎవరితో మాట్లాడినా "మేము క్యాన్సిల్ చేసుకున్నాం" అనే మాట నీ నోట రాకూడదు. "కంపెనీ మా విమానాన్ని రద్దు చేసింది, మార్చి ఇచ్చిన రోజు మాకు పనికిరాలేదు, మాకు డబ్బు కావాలి." ఇంతే చెప్పు. ఎన్నిసార్లు అడిగినా ఇదే చెప్పు. కస్టమర్ కేర్‌లో కూర్చున్నవాళ్ళు మొదట అడిగేదే ఎవరు క్యాన్సిల్ చేశారని. ఆ ప్రశ్నకు మనం ఆలోచించకుండా "మేమే" అంటే, ఆ తర్వాత ఎంత మొత్తుకున్నా వాళ్ళు వినరు.

కంపెనీ రూలే అంత అన్నాడట ఏజెంటు. కంపెనీల రూళ్ళకు పైన ఇంకో రూలు ఉంది. మన దేశంలో విమానాల నియమాలు చూసేది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్. అందరూ డీజీసీఏ అంటారు. కంపెనీ తానే విమానం రద్దు చేస్తే ప్రయాణికుడికి వేరే విమానమైనా చూపించాలి, లేదా టికెట్టు డబ్బైనా వాపసు ఇవ్వాలి, ఆ రెండింటిలో ప్రయాణికుడికి ఏది సమ్మతమో అది చేయాలి అని దాని నియమం. ఎంచుకునే హక్కు మీది. ఇంకో నియమం నీకు మరీ ముఖ్యం. వాపసు రావాల్సిన డబ్బును వోచర్‌గా, అంటే వాళ్ళ భాషలో క్రెడిట్ షెల్‌గా ఉంచుకోవాలా వద్దా అన్నది ప్రయాణికుడి ఇష్టం. కంపెనీ తనంతట తానే అలా మార్చేయడం రివాజు కాకూడదని ఆ నియమం స్పష్టంగా చెబుతోంది. నీకు వోచర్ కావాలా అని ఎవరైనా అడిగారా? నీ ఉత్తరంలో ఎక్కడా అలా లేదు. పది రోజుల తర్వాత ఫోన్ చేసి వచ్చిందని చెప్పారు, అంతే.

ఈ వోచర్ల సంగతి మన జనానికి బాగా తెలిసింది కరోనా కాలంలోనే. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై విమానాలు ఆగిపోయినప్పుడు చాలా మందికి డబ్బుకు బదులు క్రెడిట్ షెల్ అంటగట్టారు. ఆ గొడవ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2020 అక్టోబర్ 1న తీర్పు వచ్చింది. లాక్‌డౌన్‌లో ఆగిన ప్రయాణాలకు డబ్బు వాపసు ఇవ్వాలి, నిజంగా ఇచ్చుకోలేని ఇబ్బందిలో ఉన్న కంపెనీలు క్రెడిట్ షెల్ ఇవ్వవచ్చు, కానీ 2021 మార్చి 31 దాకా వాడుకోకపోతే ఆ డబ్బు ఇచ్చేయాలి అని చెప్పింది. ఆలస్యానికి నెలనెలా కొంత అదనంగా కలపమంది. ఆ క్రెడిట్ షెల్‌ను ఇంకొకరికి ఇచ్చుకునే వీలు కూడా కల్పించింది. అది ఆ ఆపత్కాలానికి ఇచ్చిన తీర్పు, మీ టికెట్టుకు నేరుగా వర్తించదు. కానీ ఒకటి గమనించు. దేశమంతా తలుపులు మూసుకున్న రోజుల్లో కూడా వోచర్ గడువు తీరితే డబ్బు మునిగిపోతుందని కోర్టు అనలేదు. మామూలు రోజుల్లో, కంపెనీయే ఆపేసిన విమానానికి, మే నెలాఖరు దాటితే మీ పైసలు గంగలో కలుస్తాయంటే ఎలా ఒప్పుకుంటాం?

ఇక ఏజెంటు కంపెనీని, కంపెనీ ఏజెంటును చూపించడం. నన్ను అడిగితే నీ ఉత్తరంలో అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. ఏజెంటు ద్వారా కొన్నా, ఆన్‌లైన్ యాప్‌లో కొన్నా, రీఫండ్ బాధ్యత విమాన కంపెనీదేనని డీజీసీఏ నియమం. ఏజెంట్లు కంపెనీ తరఫున అమ్మేవాళ్ళే కాబట్టి. ఏజెంటును అడుక్కోండి అని కంపెనీ చేతులు దులుపుకోవడానికి లేదు. ఆ రీఫండ్‌కు నియమాల్లో పని దినాల గడువు ఉంది. మీది దీపావళి నాటి మాట, నెలలు గడిచాయి, ఏ లెక్కన చూసినా గడువు ఎప్పుడో దాటింది.

కానీ లోపల ఏం జరుగుతుందో కూడా తెలుసుకో. ఏజెంటు మన టికెట్టు కొనేది తన వాలెట్ నుంచి. అంటే ముందే డబ్బు వేసి పెట్టుకున్న ఖాతా. చాలాసార్లు మన ఊరి ఏజెంటు పైన ఇంకో పెద్ద ఏజెన్సీ కూడా ఉంటుంది. కంపెనీ డబ్బు వాపసు వేస్తే ఏ దారిలో వెళ్ళిందో ఆ దారిలోనే వెనక్కి వస్తుంది. పెద్ద ఏజెన్సీ వాలెట్‌లో పడి, అక్కడి నుంచి మీ ఏజెంటు వాలెట్‌లో పడి, ఆ తర్వాతే మీకు. మధ్యలో ఎక్కడ ఆగినా మీకు కనపడదు. అందుకే కంపెనీని "మా డబ్బు ఎప్పుడు ఇస్తారు" అని మాత్రమే అడిగితే సరిపోదు. "ఈ పీఎన్ఆర్ మీద రీఫండ్ వేశారా? వేస్తే ఏ తేదీన, ఎంత, ఏ ఏజెన్సీ ఖాతాకు? వోచర్ ఇస్తే ఎవరు అడిగితే ఇచ్చారు?" అని అడుగు. ఫోన్‌లో కాదు, ఈ-మెయిల్‌లో. ఆ జవాబు చేతికొస్తే, డబ్బు ఎవరి దగ్గర ఆగిందో తేలిపోతుంది. ఏజెంటు చెప్పింది నిజమైతే అతని మీద నీకున్న అనుమానమూ పోతుంది.

ముందు ఏజెంటు దగ్గరికే వెళ్ళు. తమ్ముణ్ణి తీసుకుని మధ్యాహ్నం పూట, జనం లేనప్పుడు వెళ్ళు. గొంతు పెంచాల్సిన పని లేదు. టికెట్టు కాపీ, పీఎన్ఆర్ నంబరు, వోచర్ కాగితం, క్యాన్సిల్ చేసినప్పుడు కంపెనీ నుంచి అతనికి వచ్చిన మెయిల్, ఈ నాలుగూ అడుగు. ఇవి మీ టికెట్టు కాగితాలు, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. కంపెనీ రద్దు చేసిన విమానమని చెప్పి రీఫండ్‌కు మళ్ళీ రాయమని అడుగు. ఏజెంట్లకు కంపెనీలతో మాట్లాడే దారులు వేరే ఉంటాయి. మంచివాడైతే ఒక్క మెయిల్‌తో సరిచేయగలడు. మీ ఆయన చెప్పినట్టు చుట్టాలబ్బాయే అయితే అది మీకు మేలే. అడగకుండా లోపల పెట్టుకుని, పెళ్ళిళ్ళలో ఎదురుపడినప్పుడు మొహం తిప్పుకోవడం కంటే, కూర్చుని అడగడమే ఆ చుట్టరికానికి మంచిది. అతను తీసుకున్న సర్వీసు చార్జీ ఏమైనా ఉంటే దాని గురించి పట్టుబట్టకు. అతను చేసిన పనికి అది అతని కూలి. మిగతాది మాత్రం రూపాయి కూడా వదలకు.

అదే రోజు కంపెనీకి మెయిల్ పెట్టు. ఇంగ్లిష్ రాదని ఆగకు. తమ్ముడో, పక్కింటి కాలేజీ పిల్లో రాసిపెడతారు. పొడుగ్గా అక్కర్లేదు. పీఎన్ఆర్ ఇది. నలుగురి పేర్లు ఇవి. ఫలానా తేదీ విమానాన్ని మీరు రద్దు చేసి ఫలానా తేదీన మెసేజ్ పంపారు, స్క్రీన్‌షాట్ జతచేశాం. మార్చి ఇచ్చిన విమానం మాకు సమ్మతం కాలేదు. వోచర్ మేము అడగలేదు, ఒప్పుకోలేదు. 41,200 రూపాయలు మొత్తం వాపసు ఇవ్వండి. ఇంతే. రానూ పోనూ ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే రెండు ప్రయాణాల డబ్బూ కలిపే అడుగు. కాశీకి పోనిదే కాశీ నుంచి తిరిగి ఎలా వస్తారు? ఇందులో నాన్నగారి జబ్బు మాట రాయకు. దాన్ని దాచమని చెప్పడం లేదు. కానీ అది రాస్తే, జబ్బు వల్లే మీరు మానుకున్నారని వాళ్ళు అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. మీ హక్కు జాలి మీద ఆధారపడింది కాదు. మీరు నలుగురూ నిక్షేపంగా ఉన్నా ఆ డబ్బు మీదే.

కొందరు నీకు 10,000 పరిహారం కూడా వస్తుందని చెప్తారు. విమానం రద్దు సంగతి సమయానికి చెప్పని కంపెనీలు ప్రయాణ సమయాన్ని బట్టి 5,000 నుంచి 10,000 దాకా ఇవ్వాలన్న నియమం ఉన్న మాట నిజమే. మీకు 12 రోజుల ముందే చెప్పారు కాబట్టి అది మీకు రాదు. అది కలిపి అడిగితే అసలు అడగాల్సింది పలచనవుతుంది.

కంపెనీ జవాబు ఇవ్వకపోయినా, అదే పాత పాట పాడినా, వాళ్ళ వెబ్‌సైట్‌లో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్, ఆ పైన అప్పిలేట్ అథారిటీ మెయిల్ అడ్రసులు ఉంటాయి, వాళ్ళకు పంపు. విమానయాన శాఖ నడిపే ఎయిర్ సేవా యాప్‌లో ఫిర్యాదు పెట్టు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యి. తెలుగులోనే మాట్లాడవచ్చు, వాళ్ళు కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తారు. ఫిర్యాదు నంబరు ఇస్తారు, రాసి పెట్టుకో. చాలా కేసులు ఇక్కడే తెగుతాయి.

ఇక్కడా తెగకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. ఈ పేరు వినగానే మనవాళ్ళు కోర్టులు, లాయర్లు, ఏళ్ళ తరబడి తిరుగుడు అని భయపడతారు. 2019 చట్టం వచ్చాక మార్పులు వచ్చాయి. ఇంతకుముందు కంపెనీ ఆఫీసు ఉన్న చోటో, గొడవ జరిగిన చోటో కేసు వేయాల్సి వచ్చేది. ఇప్పుడు నువ్వు ఉన్న చోటే వేయవచ్చు. అంటే మీ మహబూబ్‌నగర్ జిల్లా కమిషన్‌లోనే. కంపెనీ హెడ్డాఫీసు ఏ నగరంలో ఉన్నా జవాబు ఇక్కడికే చెప్పాలి. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. లాయర్ లేకుండా నువ్వే వేసుకోవచ్చు. ఈ-జాగృతి అనే పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా వేయవచ్చు. గడువు రెండేళ్ళు. వేస్తే కంపెనీని, ఏజెంటును ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టాలి. ఒకరినే పెడితే రెండోవారిని చూపించి తప్పించుకుంటారు. ఏజెంటుకు ఆ సంగతి ముందే మర్యాదగా చెప్పు. చుట్టాలబ్బాయి కాగితాలు వెతికిపెట్టడానికి అదొక్కటే చాలవచ్చు.

నిజం చెప్పాలంటే ఇది త్వరగా అయిపోయే పని కాదు. మంచంలో తండ్రి ఉన్నప్పుడు, ఆయనకు అన్నం తినిపించి, ఫిజియోథెరపీకి తీసుకెళ్ళి, రాత్రిళ్ళు జాకెట్లు కుట్టే మనిషివి నువ్వు. రోజూ దీని వెంట పడకు. వారంలో ఒక రోజు పెట్టుకో. ఆ రోజు అరగంట దీనికి ఇవ్వు, మిగతా ఆరు రోజులు మరిచిపో. ఒక నోట్‌బుక్‌లో ఎవరితో ఏ తేదీన ఏం మాట్లాడావో రెండు ముక్కలు రాసుకో.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. కస్టమర్ కేర్ నంబరు కోసం ఫోన్‌లో వెతికి దొరికిన మొదటి నంబరుకు ఫోన్ చేయకు. రీఫండ్ కోసం తిరుగుతున్న మనుషుల కోసమే దొంగలు తప్పుడు నంబర్లు పెట్టుకుని కూర్చుంటారు. "మీ డబ్బు వేస్తున్నాం, లింకు నొక్కండి, ఈ యాప్ వేసుకోండి, ఓటీపీ చెప్పండి" అంటారు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి మనం పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ లేదు. టికెట్టు మీద ఉన్న నంబరు, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరు, ఈ రెండే వాడు. పొరపాటున మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చెయ్యి.

ఇక వోచర్ వాడుకోవడం సంగతి. అమ్మను, తమ్ముణ్ణి పంపించాలా అని అడిగావు. అమ్మకు ఇప్పుడు కాశీ వెళ్ళాలని ఉందా? అడిగి చూడు. భర్త ఆ స్థితిలో ఉండగా ఆమె మనసు ఒప్పుతుందని నాకు అనిపించడం లేదు. వోచర్ పాడైపోతుందన్న ఒక్క కారణంతో ప్రయాణం పెట్టుకోవద్దు. మీరు అనుకున్నది ఏదో ఒక రోజు ప్రయాణం కాదు. పౌర్ణమి నాడు కాశీలో దేవ్ దీపావళి, ఘాట్లన్నీ దీపాలు, ఆ తెల్లవారుజామున గంగలో నాన్న మునక వేయడం. ఆ రోజుతో పాటే ఆ టికెట్టు అర్థం అయిపోయింది. పైగా వోచర్ వాడితే మీరు దాన్ని ఒప్పుకున్నట్టే అవుతుంది, తర్వాత డబ్బు అడగడం కష్టం. మే నెల దగ్గరికి వచ్చినా డబ్బు రాకపోతే, "మా రీఫండ్ హక్కు వదులుకోకుండా, ఈ వోచర్ గడువు పొడిగించమని అడుగుతున్నాం" అని ఒక మెయిల్ పెట్టు.

నువ్వు అడగడం తప్పా అన్నావు. దానికి మా ఇంటి సంగతి ఒకటి చెప్తాను. నా చిన్నప్పుడు మాది మిర్యాలగూడ. తిరుపతికని నాన్న ఒక ప్రైవేటు బస్సులో ఐదు సీట్లు కట్టాడు. ఆ రోజు బస్సు రాలేదు. ఆఫీసులో డబ్బు ఇవ్వకుండా, మళ్ళీ వెళ్ళేటప్పుడు చూపించమని ఒక చీటీ రాసిచ్చారు. తెలిసినవాళ్ళే కదా అని నాన్న మారు మాట్లాడకుండా తెచ్చుకున్నాడు. మరుసటి ఏడాది వెళ్తే ఆ ఆఫీసు అక్కడ లేదు. నాన్న పోయాక ట్రంకు పెట్టె సర్దుతుంటే పొలం కాగితాల మధ్య ఆ చీటీ దొరికింది. నాలుగు మడతలు పెట్టి భద్రంగా దాచాడు. అడగలేకపోయిన ఆ డబ్బును ఆయన ఎప్పుడూ మరిచిపోలేదని అప్పుడు అర్థమై చాలాసేపు ఏడ్చాను. మీ ఆయన "పోతే పోనీ" అన్నా, ఆ మాటతో అది పోదు. ఆయనకు ఇది చదివి వినిపించు.

ఇప్పుడు నాన్నగారి మాట. ఆయన వల్ల పైసలు పోయాయని ఆయన నమ్ముతున్నారు. జబ్బుపడ్డ మనిషి రాత్రిళ్ళు ఇలాంటివే తలుచుకుంటూ కుమిలిపోతారు. "అట్లా అనకు నాన్నా" అని ఊరుకోబెడితే ఆ దిగులు పోదు. ఆయనకు లెక్క చూపించాలి. ఈ సాయంత్రం ఆయన పక్కన కూర్చుని, ఫోన్‌లో కంపెనీ పంపిన మెసేజ్ తీసి తేదీ చదివి వినిపించు. దీపావళి అయిన వెంటనే వాళ్ళు విమానం ఆపేశారు. ఆ వారం ఆయన తన కాళ్ళ మీద తాను నడుస్తున్నారు, కాశీకి ఏ పంచె కట్టుకోవాలో చూసుకుంటున్నారు. జబ్బు వచ్చింది సంక్రాంతి దాటాక. అప్పటికి ఆ డబ్బు కంపెనీ దగ్గర చిక్కుకుని రెండు నెలలు దాటింది. కావాలంటే క్యాలెండరు కూడా చూపించు, ఎడమ చేత్తో ఆయన్నే రోజులు లెక్కపెట్టనివ్వు.